సార్లను కొలిచే కాగితం

జగిత్యాల మెడికల్ కాలేజీలో చదువు తెర మీదనే మొదలైంది. 2022 నవంబర్ 15న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ హైదరాబాద్ ప్రగతి భవన్‌లో కూర్చుని ఎనిమిది కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల తరగతులను ఒకేసారి ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. సంగారెడ్డి, మహబూబాబాద్, మంచిర్యాల, వనపర్తి, కొత్తగూడెం, నాగర్‌కర్నూల్, రామగుండం, జగిత్యాల. అన్నింటికీ కలిపి 1,150 ఎంబీబీఎస్ సీట్లు, అందులో జగిత్యాల వాటా 150. మరుసటేడు సెప్టెంబర్ 15న అదే పద్ధతిలో ఇంకో తొమ్మిది కాలేజీలు తెరిచారు. వాటిలో సిరిసిల్ల ఒకటి, దానికి నూరు సీట్లు. డాక్టరీ చదవాలంటే వరంగల్‌కో హైదరాబాద్‌కో పెట్టె సర్దుకోవాల్సిందే అనుకుంటూ పెరిగిన మాలాంటి వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఆ రోజు తెర ఎందుకు కావలసి వచ్చిందంటే, ఒక మనిషి ఎనిమిది ఊళ్లలో ఉండలేడు కనుక. మా దిక్కు చదువులోకి తెర గానీ, రేడియో గానీ, పోస్టులో వచ్చే పుస్తకం గానీ ఎప్పుడొచ్చినా వెనక కారణం దాదాపు ఇదే. మనిషి చాలలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఇదొక్కటే అనుకోండి. ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఈ మధ్య నా ఫోన్‌కు తరచుగా ఒక ఫారం వస్తోంది. మెడికల్ కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లు బ్లెండెడ్ లర్నింగ్ గురించి ఏమనుకుంటున్నారో కొలిచే ఫారం అది. బ్లెండెడ్ అంటే కొంత చదువు తరగతిలోనో వార్డులోనో ఎదురెదురుగా, కొంత ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో. ఒకసారి ఏ పీజీ విద్యార్థి థీసిస్ కోసమో పంపుతారు, ఇంకోసారి ప్రమోషన్‌కు పేపర్ కావలసిన ఏ అసోసియేట్ ప్రొఫెసరో పంపుతారు. ఇరవై ముప్ఫై వాక్యాలు, ఒక్కో వాక్యం ఎదుట అయిదు గడులు. పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఏమీ చెప్పలేను, ఒప్పుకోను, అసలే ఒప్పుకోను. చివర్లో మార్కులు కూడి, అధ్యాపకుల వైఖరి సానుకూలమనో ప్రతికూలమనో తేలుస్తారు.

నేను కోరుట్ల పిల్లను. కాకతీయలో ఎంబీబీఎస్ చదివి, కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేసి, ఆ తర్వాత కాలమంతా మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటూ వచ్చాను. అంటువ్యాధుల లెక్కలు చెప్పే సబ్జెక్టు కాబట్టి ఫారాలంటే నాకేమీ చిన్నచూపు లేదు. ఈ ఫారానికి వెనకటి సంగతి తెలియదని మాత్రం నా ఫిర్యాదు. సారు టిక్కు పెట్టే ముందు ఈ ప్రాంతంలో నలభై ఏళ్ల కథ నడిచింది.

ఆ కథకు ఆద్యుడు మా జిల్లా మనిషే. ప్రొఫెసర్ జి. రాంరెడ్డి 1929లో పాత కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టారు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆచార్యుడు. 1977 నుంచి 1982 దాకా ఉస్మానియాకు వైస్ చాన్సలర్. బ్రిటన్‌లో 1969లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీని చూసి, అలాంటిది తెలుగులో ఎందుకు పెట్టకూడదని పట్టుబట్టిన వారిలో ఆయన ముందున్నారు. 1982 ఆగస్టు 26న, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లోనే, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొట్టమొదటిది. రాంరెడ్డి దానికి తొలి వైస్ చాన్సలర్. మూడేళ్లకే, 1985లో, ఢిల్లీలో ఇగ్నో పెడితే దానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్. 1991లో యూజీసీ ఛైర్మన్ అయ్యారు. మన యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు వచ్చిందీ ఆ ఏడాదే. దేశంలో దూరవిద్యకు ఇంత చేసిన మనిషి పేరు మా కరీంనగర్, జగిత్యాల కాలేజీ పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. ఆ సంగతి నాకు ఎప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది.

ఓపెన్ యూనివర్సిటీ పద్ధతిని ఇవాళ్టి భాషలో బ్లెండెడ్ అనే అంటారు. తెలుగులో రాయించి అచ్చువేసిన పుస్తకాలు చేతికి వచ్చేవి. రేడియోలో పాఠాలు వచ్చేవి. స్టడీ సెంటర్‌లో ఆదివారం క్లాసులు ఉండేవి. బీఎస్సీ వాళ్లకు ప్రాక్టికల్స్ ల్యాబులోనే, రాక తప్పదు. ఇంటర్ లేని వాళ్లకు ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి తీసుకునేవాళ్లు. జగిత్యాలలో స్టడీ సెంటర్ ఎస్.కె.ఎన్.ఆర్. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో. వారమంతా రెగ్యులర్ పిల్లలకు చెప్పే లెక్చరర్లే ఆదివారం కౌన్సిలర్లయ్యేవారు.

మా చిన్నాయన అక్కడే బీఏ చదివాడు. కోరుట్లలో ఒక బీడీ కంపెనీలో మున్షీ. తునికాకు, తంబాకు తూచి ఇచ్చుడు, బీడీలు లెక్కపెట్టి తీసుకునుడు, చిట్టీలు రాసుడు ఆయన పని. ఆదివారం పొద్దున బస్సెక్కి జగిత్యాల పోయేవాడు. లెక్చరర్లలో రెండు రకాలు ఉండేవారని చెప్పేవాడు. ఒకాయన కుర్చీలో కూర్చుని "పుస్తకంల ఉన్నది చదువుకోండ్రి, డౌట్లుంటే అడుగుండ్రి" అని పేపరు తిరగేసేవాడట. డౌటు అడగాలంటే ముందు కొంతైనా అర్థం కావాలి కదా, ఆ కొంత ఎవరు చెబుతారు? ఇంకొకాయన పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్పేవాడు. కార్మిక చట్టాల దగ్గరికి వచ్చేసరికి, 1966 నాటి బీడీ కార్మికుల చట్టం గురించి మా చిన్నాయన కంపెనీ లోపలి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. పీఎఫ్ కార్డు ఎవరికి ఇస్తారు, ఎవరి పేరు మీద ఎవరు బీడీలు చేస్తారు, చట్టం ఎక్కడ ఆగిపోతుంది అని. ఆ సారు తర్వాతి ఆదివారం నోటుబుక్కుతో వచ్చి, "మున్షీగారూ, మీది మళ్ల ఒక్కసారి చెప్పుండ్రి, నేను రాసుకుంట" అన్నాడట. అలా రాసుకున్నది తన రెగ్యులర్ క్లాసులో చెప్పాడని చిన్నాయనకు తర్వాత తెలిసింది.

ఈ ఇద్దరికీ ఆ రోజుల్లో ఫారం ఇచ్చి ఉంటే ఏం టిక్కు పెట్టేవారో నాకు తెలియదు. రెండో సారు కూడా బహుశా "దూరవిద్య నాణ్యత తక్కువ" అన్నదానికి ఒప్పుకుంటాననే పెట్టేవాడు. ఎందుకంటే కాలేజీ స్టాఫ్‌రూములో నడిచే మాట అదే. ఆదివారం డిగ్రీ అంటే పని చేసుకునే వాళ్లకు, ఫెయిలైన వాళ్లకు, పెళ్లయిన ఆడవాళ్లకు. తమాషా ఏమిటంటే ఆ యూనివర్సిటీ తెలుగు పుస్తకాలను మొదట అడిగి తీసుకున్నది రెగ్యులర్ కాలేజీ సార్లే. గ్రూప్స్‌కు తయారయ్యే పిల్లలు ఇప్పటికీ వాటి కోసం పాత పుస్తకాల దుకాణాలు గాలిస్తారు. చదువుకేమో చిన్నచూపు, ఆ చదువు పుస్తకానికేమో గౌరవం. అయిదు గడుల్లో ఇది ఎక్కడ పడుతుంది?

ఓపెన్ యూనివర్సిటీ కన్నా ముందే తెలుగు నేల మీదికి ఒక ఉపగ్రహం పాఠాలు మోసుకొచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాది పాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఇస్రో నడిపిన సైట్ ప్రయోగం అది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు. మన రాష్ట్రంలో హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లను ఎంచుకున్నారు. కరీంనగర్‌కు ఆ భాగ్యం లేదు, మేము పక్క జిల్లా వాళ్లు చెప్పగా విన్నాం అంతే. కోడిగూళ్లకు వాడే జాలీ లాంటి పది అడుగుల గొడుగు యాంటెన్నా, పంచాయతీ ఆఫీసు ముందు టీవీ, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. అందరూ గుర్తుపెట్టుకున్నది ఆ సాయంత్రపు టీవీనే. నాకు ముఖ్యమనిపించేది వేరే. ఆ ఏడాదిలోనే దాదాపు యాభై వేల మంది ప్రాథమిక పాఠశాల పంతుళ్లకు పన్నెండేసి రోజుల సైన్సు శిక్షణ ఇచ్చారు. టీవీలో పాఠం, రేడియోలో వివరణ, చేతిలో అచ్చు పుస్తకం, పక్కన ఒక మనిషి కూర్చుని ప్రయోగం చేయించడం. బ్లెండెడ్ అనే మాట పుట్టకముందే పంతుళ్లు బ్లెండెడ్ విద్యార్థులైపోయారు. ఇక్కడ కూడా లెక్క అదే. అంతమంది పంతుళ్లకు శిక్షణ ఇచ్చేందుకు మనుషులు చాలరు.

వైద్యంలోకి ఈ పద్ధతి నర్సుల వైపు నుంచి వచ్చింది. ఇగ్నో 1990లలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ పెట్టింది. అప్పటికే జనరల్ నర్సింగ్ చేసి ఉద్యోగంలో ఉన్న సిస్టర్లు సెలవు పెట్టకుండా డిగ్రీ చదవడానికి. పుస్తకం ఇంటికి, ప్రాక్టికల్స్ ఆస్పత్రిలో. ఆ తర్వాత డాక్టర్ల కోసం కూడా తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పీజీ డిప్లొమా లాంటివి పెట్టారు. నర్సుల చదువుకు నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకుంది. డాక్టర్ల దగ్గరికి వచ్చేసరికి తకరారు మొదలైంది. 2006 ప్రాంతంలో ఇగ్నో పెట్టిన గుండె జబ్బుల డిప్లొమాను మెడికల్ కౌన్సిల్ గుర్తించలేదు. చేరిన వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ తరం డాక్టర్లే ఇవాళ ప్రొఫెసర్లు. దూరం నుంచి చదివింది చెల్లకపోవడం కళ్లారా చూసిన వాళ్లు ఫోన్‌లో పాఠాన్ని అనుమానంగా చూస్తే, దాన్ని "టెక్నాలజీ భయం" అని రాసేస్తున్నాయి ఈ ఫారాల మీద వచ్చే పేపర్లు. ఆ డిప్లొమా ఇచ్చినవాళ్లూ, గుర్తించబోమన్నవాళ్లూ ఒకే దేశపు సంస్థలు. భయం టెక్నాలజీది కాదు.

ఇక అయిదు గడుల పుట్టుక సంగతి. 1928లో చికాగోలో థర్‌స్టన్ అనే ఆయన మనోవైఖరిని కూడా కొలవచ్చని వాదించాడు. ఆయన పద్ధతి పెద్ద తతంగం. ఒక విషయం మీద ఎన్నో వాక్యాలు సేకరించాలి, వాటిని చాలామంది చేత పదకొండు కుప్పలుగా వేరు చేయించాలి, అప్పుడు ఒక్కో వాక్యానికి విలువ కట్టాలి. 1932లో కొలంబియా యూనివర్సిటీలో డాక్టరేట్ చేసిన రెన్సిస్ లైకర్ట్, ఆ కుప్పలూ ఆ పెద్దమనుషులూ లేకుండానే అయిదు మెట్ల జవాబులను కూడితే చాలు, ఫలితం దాదాపు అంతే వస్తుందని చూపించాడు. పని తేలికైంది కాబట్టి ప్రపంచమంతా పాకింది. 1951లో క్రాన్‌బాక్ ఆల్ఫా అనే లెక్క ఇచ్చాడు. ఫారంలోని వాక్యాలన్నీ ఒకే దిక్కుకు లాగుతున్నాయా లేదా అని చూసే కొలత అది. 0.7 దాటితే ఫారం పాస్ అనే అలవాటు స్థిరపడింది. 1989లో ఫ్రెడ్ డేవిస్ ఒక కొత్త సాంకేతికతను మనిషి ఒప్పుకోవడానికి రెండు ఊహలు చాలన్నాడు. ఇది నాకు పనికొస్తుందా, వాడటం సులువా. ఇప్పుడు మా ఫోన్లలోకి వచ్చే ఫారాలన్నీ ఈ నలుగురి మనవలూ మునిమనవలే.

లైకర్ట్ అడిగినవి యుద్ధం, సామ్రాజ్యం, జాతి వివక్ష లాంటి పెద్ద విషయాలు. సామ్రాజ్యవాదం గురించి ఒక విద్యార్థి అభిప్రాయం, అతని గదిలో ప్రొజెక్టర్ పని చేస్తోందా లేదా అన్నదాన్ని బట్టి మారదు. మా సంగతి అలా కాదు. "ఆన్‌లైన్ వనరులు బోధనను మెరుగుపరుస్తాయి" అనే వాక్యానికి నేను హైదరాబాద్‌లో ఒక జవాబు ఇస్తాను, కరెంటు పోయిన సిరిసిల్ల హాస్టల్‌లో ఇంకో జవాబు ఇస్తాను. రెండూ నిజాయితీ జవాబులే. పైగా ఫారం పంపింది మా శాఖాధిపతి అయితే, ఈమెయిల్ అడ్రసు తప్పనిసరి అయితే, ఎవరైనా "అసలే ఒప్పుకోను" అని పెడతారా? "మేడం, సార్ పంపిండు, నడిమిట్ల కొట్టిన" అన్నాడు మా జూనియర్ ఒకడు. నడిమి గడి చాలామందికి అభిప్రాయం కాదు, మర్యాద.

మన దగ్గరే, దీనికన్నా బాగా కొలిచిన సందర్భం ఒకటుంది. 1960లలో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లీలండ్ కాకినాడ వ్యాపారులను హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని సియెట్ అనే శిక్షణ సంస్థకు రప్పించి, ఏదో సాధించాలన్న పట్టుదల పెంచే శిక్షణ ఇప్పించాడు. శిక్షణ అయ్యాక మీకు నచ్చిందా అని అడిగి ఊరుకోలేదు. తర్వాతి ఏళ్లలో వాళ్లు ఎంత కొత్త పెట్టుబడి పెట్టారు, ఎంతమందిని కొత్తగా పనిలోకి తీసుకున్నారు, శిక్షణ తీసుకోని వ్యాపారులతో పోలిస్తే తేడా ఎంత అని ఊరికి వెళ్లి చూశారు. ఆయన సిద్ధాంతం మీద విమర్శలు చాలా ఉన్నాయి, కొన్ని నాకూ సమంజసమే అనిపిస్తాయి. కానీ మనిషి చెప్పినదాన్ని కాక చేసినదాన్ని లెక్కపెట్టారు. మెడికల్ కాలేజీ సార్ల విషయంలో అంత ఓపిక ఇప్పటిదాకా నేను చూడలేదు.

2020 మార్చి వచ్చింది. కాలేజీలు మూసేశారు. నేను చెప్పాల్సిన పాఠం కూడా విచిత్రంగా అప్పటిదే. క్వారంటైన్, ఇంక్యుబేషన్ పీరియడ్, ఒక రోగి నుంచి ఎంతమందికి అంటుకుంటుంది. బయట జరుగుతున్నదాన్నే లోపల బల్ల మీద ఫోన్ పెట్టి చెప్పడం. ఉచిత జూమ్ నలభై నిమిషాలకు తెగిపోయేది, మళ్లీ లింకు, మళ్లీ హాజరు. కోరుట్ల దగ్గరి పల్లెల నుంచి వచ్చిన పిల్లలు డాబా ఎక్కి సిగ్నల్ వెతుక్కునేవారు. ఒక అమ్మాయి ఇంట్లో ఒకటే ఫోన్. తండ్రి దుబాయి నుంచి ఫోన్ చేసే వేళకు క్లాసు వదిలేసేది. అందుకు ఆమెను ఎట్లా తప్పుపడతాం. మెడికల్ కౌన్సిల్ ఆ ఏడాదే ఆన్‌లైన్ బోధన మీద ఒక మాడ్యూల్ విడుదల చేసింది. 2021 మేలో యూజీసీ ఒక పత్రం తెచ్చి, ఏ కోర్సులోనైనా నలభై శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పవచ్చంది. అది డిగ్రీ, పీజీ కాలేజీలకు ఉద్దేశించింది. అయినా మా స్టాఫ్‌రూముల్లో ఆ నలభై అంకె చాలా రోజులు తిరిగింది.

కోవిడ్‌కు ముందే మెడికల్ చదువు పద్ధతి మారి ఉంది. 2019 ఆగస్టులో చేరిన బ్యాచ్ నుంచి కొత్త పాఠ్యక్రమం వచ్చింది. దాని ప్రకారం ఉపన్యాసాలు మొత్తం గంటల్లో మూడో వంతు దాటకూడదు. మిగతాదంతా చిన్న గుంపులు, వార్డు, పిల్లలు సొంతంగా చదువుకోవడం. కాగితం మీద చూస్తే బ్లెండెడ్‌కు ఇంతకన్నా మంచి అదను లేదు. ఉపన్యాసం వీడియోగా ఇంటికి పంపు, కాలేజీకి వచ్చినప్పుడు పది పదిహేను మంది గుంపులతో కూర్చో. కానీ నూటయాభై మందిని పదిహేను మంది గుంపులు చేస్తే పది గుంపులు, పది గుంపులకు పదిమంది సార్లు కావాలి. కొత్త కాలేజీల్లో అనాటమీ, ఫిజియాలజీ, ఫోరెన్సిక్ లాంటి శాఖలకు మనుషులు దొరకడమే గగనం. అందుకే చాలాచోట్ల వీడియో వచ్చింది, చిన్న గుంపు రాలేదు. ఈ మాట నేను ఏ ఒక్క కాలేజీనో మనసులో పెట్టుకుని అనడం లేదు. ఎక్కడ ఇద్దరు మెడికల్ టీచర్లు కలిసినా ఇదే ముచ్చట.

మధ్యలో ఇంకో చిత్రం జరిగింది. సార్లే దూరవిద్య విద్యార్థులయ్యారు. మెడికల్ కాలేజీల్లో ప్రమోషన్ కావాలంటే పరిశోధన పద్ధతుల మీద ఒక ప్రాథమిక కోర్సు చేసి ఉండాలన్నారు. దాన్ని ఐసీఎంఆర్ వాళ్ల చెన్నై ఎపిడెమియాలజీ సంస్థ తయారు చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. పాఠాలు ఇంట్లో వినాలి, అసైన్‌మెంట్లు ఆన్‌లైన్‌లో పంపాలి, చివరి పరీక్షకు సెంటర్‌కు పోయి కూర్చోవాలి. యాభై ఏళ్ల సర్జన్లు రాత్రి పది గంటలకు "అక్కా, మూడో వారం అసైన్‌మెంట్‌ల ఆ శాంపిల్ సైజు ఎట్ల చేసినవు" అని ఫోన్ చేసేవారు. మా చిన్నాయన జగిత్యాల బస్సెక్కినప్పుడు నవ్విన తరం ఇది. మా చిన్నాయన ఉంటే చూసి సంతోషించేవాడు, కొంచెం ఎక్కువగానే.

కోరుట్లలో మెడికల్ కాలేజీ లేదు గానీ వెటర్నరీ కాలేజీ ఉంది. రాష్ట్రం విడిపోక ముందు నుంచీ ఉంది, ఇప్పుడు పీవీ నరసింహారావు పేరున్న వెటర్నరీ యూనివర్సిటీ కింద నడుస్తోంది. అక్కడికి ఊరి నుంచి బర్రెను తోలుకొచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న చూడి కట్టిందా లేదా అని. చూడి పరీక్ష చేతితో చేయాలి. మోచేతి దాకా గ్లౌజు తొడిగి, మలద్వారం గుండా చేయి పోనిచ్చి, పేగు గోడ అవతల గర్భసంచిని తడిమి నెలలు చెప్పాలి. ఈ పాఠం చెప్పే పశువైద్యుడొకరు, నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన వాడే, బ్లెండెడ్ గురించి అడిగితే ఇట్లా అన్నాడు: "ఒక బర్రెను ఒక్క రోజుల ఎంతమంది పిల్లలతోని చూపిస్తం? నలుగురైదుగురు దాటితే అది తట్టుకోదు. గందుకే ముందు వీడియో చూసి రమ్మంట. చెయ్యి పెట్టంగనే ఏడ వెతకాల్నో తెలిసి వస్తరు. బర్రెకు బాధ తక్కువ, మాకు టైం కలిసొస్తది. అయితే వీడియో చూసినోనికి చూడి పరీక్ష వచ్చిందని మాత్రం నేను సంతకం పెట్టను."

నేను విన్నవాటిలో ఇంత తెలివైన బ్లెండెడ్ వాదన ఇంకొకటి లేదు. ఇందులో వీడియో మనిషి కొరత తీర్చడానికి రాలేదు, పశువు ఓపికకు ఉన్న హద్దును గౌరవించడానికి వచ్చింది. ఈయనకు ఫారం ఇస్తే వీడియో ఉపయోగం అన్న వాక్యానికి పూర్తిగా ఒప్పుకుంటాడు, వీడియో తరగతికి ప్రత్యామ్నాయం అన్నదానికి అసలే ఒప్పుకోడు. కూడితే సరిగ్గా మధ్యలో తేలుతాడు. తటస్థుడని రాస్తారు.

సిరిసిల్లలో నర్సింగ్ కాలేజీ మెడికల్ కాలేజీ కన్నా ముందే, 2021 జులైలో మొదలైంది. మా సబ్జెక్టులో, నర్సింగ్‌లో కూడా, పిల్లలను జనం మధ్యకు తీసుకుపోయి ఆరోగ్యం గురించి చెప్పించాలి. ఎంబీబీఎస్‌లో ఇప్పుడు ప్రతి విద్యార్థి కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని మొదటి ఏడాది నుంచే ఊళ్లకు పోవాలి. పిల్లలు ఫోన్‌లో ఒక వీడియో పట్టుకుని పోతారు, బీపీ గురించో చేతులు కడుక్కోవడం గురించో. మరమగ్గాల షెడ్డులో ఆ వీడియో పెట్టి చూడండి. బొమ్మ కనపడుతుంది, మాట ఒక్కటి వినపడదు. అక్కడ పని చేసేవాళ్లు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. కాబట్టి చార్టు పట్టుకుని చెవి దగ్గర అరిచి చెప్పాలి, లేదా సాయంత్రం మగ్గం ఆగాక ఇంటి అరుగు మీద కూర్చోవాలి. ఇంట్లో బీడీలు చేసే ఆడవాళ్ల దగ్గర మళ్లీ వేరు. వాళ్ల చేతులకు తీరిక లేదు, కళ్లు ఆకు మీదే, కానీ చెవులు ఖాళీ. వాళ్లకు ఫోన్‌లో ఆడియో పెడితే చక్కగా వింటారు. ఇది ఏ యూనివర్సిటీ చెప్పిన సూత్రమూ కాదు, చెంపదెబ్బలాగా తగిలిన అనుభవం.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఆస్పత్రుల్లో ఓపీ గదికి తెర వేరే దారిలో వచ్చింది. ఇక్కడ గల్ఫ్‌కు మగవాళ్లు పోని వాడ లేదు. భార్య డాక్టర్ ముందు కూర్చుంటే ఆమె చేతిలో ఐఎంఓ వీడియో కాల్ నడుస్తూ ఉంటుంది, అవతల షార్జాలోనో మస్కట్‌లోనో భర్త. "డాక్టరమ్మా, జెర గట్టిగ చెప్పుండ్రి, ఆయనకు ఇనపడ్తలేదు" అంటుంది. డాక్టర్ పక్కన నిలబడిన విద్యార్థులు చూస్తూ ఉంటారు. మందు ఎట్లా వేయాలో ఇద్దరికి ఒకేసారి చెప్పడం, తెర మీది మనిషిని కూడా రోగి కుటుంబంగా లెక్కపెట్టడం వాళ్లు అక్కడే నేర్చుకుంటున్నారు. ఇది ఏ పాఠ్యక్రమంలోనూ లేదు. దీని మీద సార్ల వైఖరి ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే చాలామంది "అది పాఠం కాదు కదా" అంటారేమో. నేనైతే పాఠమే అంటాను.

2025 మే 1 నుంచి నేషనల్ మెడికల్ కమిషన్ మెడికల్ కాలేజీ అధ్యాపకుల హాజరుకు కొత్త పద్ధతి తప్పనిసరి చేసింది. ఫోన్‌లో యాప్ తెరిచి ముఖం చూపించాలి, ఆధార్‌తో సరిపోవాలి, జీపీఎస్ ప్రకారం కాలేజీ ఆవరణలో ఉండాలి. పేరుకే ఉండి మనుషులు లేని అధ్యాపకుల బెడద తీర్చడానికి అది కావలసిన పనే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఇంట్లో కూర్చుని రాత్రి వీడియో పాఠం తయారు చేసిన గంటలు ఆ యాప్‌కు కనిపించవు. అదే ఫోన్‌లో, ఆ హాజరు పక్కనే, మళ్లీ ఫారం వస్తుంది. "బ్లెండెడ్ పద్ధతికి నేను అదనపు సమయం కేటాయించడానికి సిద్ధంగా ఉన్నాను." గడులు అయిదు.

నా చేతికి ఫారం రాసే పని వస్తే ఈ వాక్యాలు పెట్టను. మీ పోయిన నెల వీడియోలు ఏ గంటల్లో చేశారు, అవి మీ పని గంటల్లో రాశారా? మీ బ్యాచ్‌లో ఒక్కో విద్యార్థి ఉబ్బిన ప్లీహాన్ని తన చేతితో ఎన్నిసార్లు తడిమాడు? వీడియో వచ్చాక చిన్న గుంపులు పెరిగాయా, తగ్గాయా? మీ శాఖలో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని? ఈ జవాబులు చూశాక ఇష్టాయిష్టాలు అడిగినా అర్థం ఉంటుంది.

ఇంకొక ప్రశ్న కూడా ఉంది, దానికి గడులు ఎట్లా గీయాలో నాకింకా తెలియడం లేదు. మా పాత విద్యార్థి ఒకడు ఒక కొత్త కాలేజీలో ఫిజియాలజీ చెప్పేవాడు. కోవిడ్ తర్వాత గుండె, ఊపిరితిత్తుల పాఠాలన్నీ ఓపికగా రికార్డు చేసి పెట్టాడు. బదిలీ అయి వేరే జిల్లాకు పోయాడు. పాత కాలేజీ పిల్లలు ఇప్పటికీ అతని వీడియోలే వింటున్నారు, డౌట్లు అతనికే వాట్సాప్ చేస్తున్నారు, అతను రాత్రిపూట జవాబిస్తున్నాడు. పాత కాలేజీ టైంటేబుల్‌లో ఆ గంటకు ఎదురుగా ఎవరి పేరు రాశారని అడిగాను. పోయినసారి చూసినప్పుడు ఖాళీగా ఉందన్నాడు. పోస్టు నోటిఫికేషన్ ఇంకా పడలేదట.